స్ప్రే నావ సన్నాహము

ఒంటరిగా తెరచాపపడవపై భూగోళమును చుట్టివచ్చిన మొదటివాడు జాషువా స్లోకం అని లోకమెఱుగును. కాని ఆ కీర్తిలో సగపాలైనను సముద్రముమీద గాక, అమెరికాలో మసాచుసెట్స్ తీరమున, ఫెయిర్‌హేవెన్ ఊరి పచ్చికబయలిలో, గొడ్డలి చేతబట్టి యాయన గడపిన పదమూడు నెలలలోనే ఆర్జింపబడినదని నా యభిప్రాయము.

ఆవిరియోడలు ప్రబలి తెరచాపల కాలము తీరిపోవుచుండగా, పని లేక యున్న యీ కెప్టెనుకు, తిమింగిలముల వేటలో ఆరితేరిన ఎబెన్ పియర్స్ అను మిత్రుడు 1892లో ఒక ఓడ నిత్తునని చెప్పెను. పోయి చూడగా అది నీటికి దూరముగా, పొలములో, ఊతకఱ్ఱలపై గుడ్డ కప్పియుంచిన శిథిలనౌక, పేరు స్ప్రే. దానిని బాగుచేసికొందునన్న స్లోకమును చూచి, ఇందువలన లాభమేమని ఊరివారు శంకించిరి. చేతిలో పైకము లేనివాడు తలపెట్టిన పని గనుక ఆ శంకను తప్పుపట్టలేము. అయినను ఆయనకది క్రొత్త విద్య కాదు. 1887లో బ్రెజిల్ తీరమున తన సొంతయోడ నష్టమైపోగా, అచ్చటనే ముప్పదియైదడుగుల పడవ కట్టి, ఆ దేశపు బానిసలకు విముక్తి గలిగిన 1888 మే 13వ తేదీననే నీట దింపి, లిబర్దాదె యని పేరిడి, భార్యాపుత్రులతో స్వదేశము చేరిన ఘనుడు.

స్లోకం సమీపమున ఓక్ చెట్టును పడగొట్టి అడుగుదూలము చెక్కెను. లేత ఓక్ మ్రాకులను ఆవిరిపెట్టెలో మగ్గబెట్టి, మెత్తబడగానే దుంగపై వంచి, పక్కటెముకలుగా అమర్చెను. ఒకటిన్నర అంగుళముల మందముగల జార్జియా పైను పలకలు తాపి, సందులలో నూలును, దానిపై తారుపీచును దట్టించెను. నూలు నిలువక వెలికి ప్రాకివచ్చునని దారినపోవువారొకరు హెచ్చరించిరి, అది రాలేదు. వేట మానిన ముసలి కెప్టెన్లు వచ్చి, ముందుభాగపు కట్టుబడి మంచుగడ్డలను బ్రద్దలుచేయజాలునని మెచ్చుకొనిరి. ఒక్కొక్క పాతకొయ్య తొలగి ఒక్కొక్క క్రొత్తకొయ్య చేరుచుండగా, పాతనావ యెచట ముగిసెనో క్రొత్తది యెచట మొదలయ్యెనో చెప్పుట దుస్సాధ్యమయ్యెను. సామగ్రికైన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు. నావ పొడవు 36 అడుగుల 9 అంగుళములు.

భూప్రదక్షిణమునకై 1895 ఏప్రిల్ 24న బోస్టను విడిచియు ఆయన తొందరపడలేదు. గ్లౌస్టరులో ఎండుచేపలను, అలల నణచుటకు నూనెను ఎక్కించెను. నిండుపడవకు పైని చోటు చాలనందున, ఒక చిన్నపడవను నడిమికి కోసి, కోసినచోట పలకలు బిగించి, ఆ సగమునే వెంటగొనిపోయెను. స్నానపుతొట్టియు, బట్టలుతుకు తొట్టియు నదియే. యార్మతులో ఆరు పీపాల నీరు, వెన్న, బంగాళాదుంపలు చేర్చెను. క్రోనోమీటరు అను నావికగడియారపు మరమ్మతునకు 15 డాలర్లగునన, దానిని విడిచిపెట్టి, ముఖము పగిలిన తగరపు గడియారమును ఒక్క డాలరునకు కొనెను. ఇది పిసినారితనమనరాదు: పలకలమీద ప్రాణము నిలుచునని యెఱిగి వానికి లోపము చేయలేదు, చంద్రుని గమనమునుబట్టి తానున్న తావు గణించు విద్య తనకుండుటచే గడియారమునకు డబ్బు పోయలేదు.

1898 జూన్ 27న న్యూపోర్టు చేరునప్పటికి స్ప్రే 46,000 మైళ్లకు పైగా పయనించెను. 1900లో వెలువడిన ఆయన యాత్రాగ్రంథమును చదువబూనువారు, తుపానుల ఘట్టములకై త్వరపడక, పడవపనిని వర్ణించిన తొలిపుటలను తీరికగా చదువవలెనని నా మనవి.