రామగుండం ప్రాంతంలో సుస్థిర విమానయానం

రామగుండం–గోదావరిఖని సింగరేణి బొగ్గు గనుల ప్రాంతానికి విమానం కొత్త కాదు. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో ఒకప్పటి కేశోరాం సిమెంటు కర్మాగారం దగ్గర పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1980లలో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలు హైదరాబాదు నుంచి ఇక్కడికి నడిచాయి. తెలంగాణ ఏర్పడ్డాక ప్రతిపాదించిన ఆరు విమానాశ్రయాల్లో బసంత్‌నగర్ ఒకటి. తరువాత ప్రభుత్వం చూపు అదే జిల్లాలోని అంతర్గాం భూముల వైపు మళ్లింది.

దూరం

విమానం నేల వదిలి పైకెక్కే దశలోనే ఇంధనం ఎక్కువగా తాగుతుంది. అందుకే ప్రయాణం ఎంత చిన్నదైతే కిలోమీటరుకు అంత ఎక్కువ పొగ. హైదరాబాదు ఇక్కడికి దాదాపు 225 కిలోమీటర్లే. కాజీపేట–బల్లార్షా విద్యుత్ రైలు మార్గం రామగుండం మీదుగానే పోతుంది, 2024 సెప్టెంబరు నుంచి నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందేభారత్ కూడా ఇక్కడ ఆగుతోంది. కాబట్టి ఇక్కడి నుంచి హైదరాబాదుకు విమానం నడపడం పర్యావరణపరంగా సమర్థనీయం కాదు. ఢిల్లీ, ముంబై వంటి దూరాలకైతే ఆలోచించవచ్చు. ఈ చుట్టుపక్కల జిల్లాల నుంచి విమానం ఎక్కేవారిలో గల్ఫ్‌కు పోయే వలస కార్మికులు ఎందరో ఉన్నారు. వారికి కావలసింది శంషాబాద్ విమానాశ్రయం దాకా తక్కువ ఖర్చులో, వేళకు చేర్చే రైలు, బస్సు.

విద్యుత్తు

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరుపై 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 జులై 1న పూర్తిగా పనిలోకి వచ్చింది. సుమారు 500 ఎకరాల్లో 40 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 పలకలు ఉన్నాయి. ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు సైతం నీటి మీదే తేలుతుంటాయి. నీరు ఆవిరి కావడం ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్లు తగ్గుతుందని, 1.65 లక్షల టన్నుల బొగ్గు మిగులుతుందని అంచనా. రేపు విమానాశ్రయం వస్తే దాని దీపాలు, ఏసీలు, నేల మీద తిరిగే బండ్లు ఇలాంటి కరెంటుతో నడుస్తాయి. విమానం మాత్రం నడవదు.

ఇంధనం

అసలు చిక్కు ఇక్కడే. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో విమానాల వాటా సుమారు 2.5 శాతం. అందులో సింహభాగం ఇంజన్లో కాలే ఇంధనానిదే. దీనికి బదులు వెతికే ప్రయత్నంలో 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి అడవి ఆముదం నూనెతో చేసిన జీవ ఇంధనం కలిపి విమానం నడిపింది. అంతర్జాతీయ సర్వీసుల్లో ఇలాంటి ఇంధనాన్ని 2027లో 1, 2028లో 2, 2030లో 5 శాతం కలపాలని భారత ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

ఈ ఇంధనాన్ని ఇథనాల్ నుంచీ తీయవచ్చు. కానీ 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని జనం రోడ్డెక్కారు, పనులు ఆగాయి. నీరు, గాలి, పంట గురించిన ఆ భయాలకు జవాబు చెప్పకుండా హరిత ఇంధనమని పేరు పెట్టడం తగదు.

భూమి

ఓపెన్‌కాస్టు గనుల కింద పొలాలూ ఊళ్లూ పోగొట్టుకున్న ప్రాంతమిది. రన్‌వే కోసం మళ్లీ సాగుభూమి అడిగే ముందు, ఉన్న ప్రభుత్వ భూములు, మూతపడ్డ పరిశ్రమల స్థలాలు చూడాలి. గని బ్లాస్టింగుల దుమ్ము, విద్యుత్ కేంద్రం ఎత్తైన చిమ్నీలు, చుట్టుపక్కల గుట్టలు స్థల నిర్ణయంలో లెక్కలోకి రావాలి. గ్రామసభ ముందుంచాల్సిన వివరాల్లో పరిహారం, స్థానికులకు ఉద్యోగాలతో పాటు విమానాల మోత ఏయే ఇళ్ల మీద పడుతుందో చూపే పటం కూడా ఉండాలి.