మేడ్చల్‌లో మూడు మధ్యాహ్నాలు

శామీర్‌పేటలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు 20 సెకన్లకు గానీ మేడ్చల్‌లో మిట్టమధ్యాహ్నం కాదు. తూర్పు పడమరలుగా రెండూళ్ల మధ్య దూరం దాదాపు 9 కిలోమీటర్లే. పంచాంగకర్తలకు ఇది కొత్త కాదు. ఉజ్జయిని రేఖ నుంచి లెక్కగట్టి దేశాంతర సంస్కారం చేయడం సూర్యసిద్ధాంతం నాటి నుంచీ ఉన్నదే. ఎడ్లబండి మీద పోయేవాడికి ఆ తేడాతో పనిలేదు. రైలు వచ్చాకే చిక్కంతా.

హైదరాబాద్ నుంచి మన్మాడ్ పోయే మీటర్‌గేజ్ లైను 1900 ప్రాంతంలో మేడ్చల్ మీదుగా పడింది. అప్పట్లో దేశంలో రైళ్లు ఎక్కువగా మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. మేడ్చల్ సూర్యుడి కన్నా ఆ గడియారం 7 నిమిషాలు ముందు. 1906 జనవరి 1న బ్రిటిష్ ఇండియాకు 82.5 డిగ్రీల రేఖాంశం (మన వైపు తుని, కాకినాడల దరిదాపుల్లో పోయేది) ప్రామాణికమైంది. ఆ లెక్కన మేడ్చల్ మిట్టమధ్యాహ్నం సగటున 12 గంటల 16 నిమిషాలకు. బొంబాయి మాత్రం 1955 దాకా మొండికేసింది.

గడియారం ముల్లు ఎక్కడ పెట్టినా రాయి కిందపడే తీరు మారదు. ప్రకృతి నియమాలకు కాలం ఎక్కడ మొదలుపెట్టి లెక్కించామన్న పట్టింపు లేదు. ఈ సౌష్ఠవం నుంచే శక్తి నిత్యత్వం వస్తుందని 1918లో గణితవేత్త ఎమీ నోథర్ నిరూపించింది.

ఐన్‌స్టైన్ అప్పటికే ఇంకా ముందుకు పోయాడు: ‘ఒకేసారి’ అన్నదే చూసేవాడి కదలికను బట్టి మారుతుందన్నాడు. 1905 జూన్ 30న ఆయన సాపేక్షత వ్యాసం పత్రికకు చేరే నాటికి ఆయన బెర్న్ పేటెంట్ ఆఫీసు ఉద్యోగి. గడియారాలను కలిపే పద్ధతుల పేటెంట్లు ఆయన ఆలోచనకు ఊతమిచ్చాయని చరిత్రకారుడు పీటర్ గాలిసన్ అంటాడు. ఊతమంటే సరే, సాపేక్షత వాటిలోంచే పుట్టిందంటే మాత్రం నేను ఒప్పుకోను.

మేడ్చల్‌లో, శామీర్‌పేటలో ఒకేసారి దీపాలు వెలిగాయని నేల మీదివాళ్ల లెక్క అనుకుందాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద శామీర్‌పేట వైపు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు లెక్కలో శామీర్‌పేట దీపమే ముందు. తేడా సెకనులో లక్ష కోట్ల వంతుల్లో మూడు కూడా ఉండదు. ఉండటం మాత్రం ఉంది. ఇది మద్రాసు కాలాన్ని మార్చినట్టు ఉత్తర్వుతో సర్దేసేది కాదు.

మరి నేల మీదివాళ్ల ‘ఒకేసారి’ అయినా నిజమా, ఒప్పందమా? దూరాన ఉన్న గడియారాలను కలపాలంటే కాంతి ఒక వైపు పోయే వేగం తెలియాలి. అది కొలవాలంటే గడియారాలు ముందే కలిసి ఉండాలి. కనుక ఒప్పందమే అన్నాడు తత్వవేత్త హాన్స్ రైఖెన్‌బాక్. కార్యకారణ సంబంధాలను బట్టి చూస్తే కాంతికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే వేగం అనుకునే ఐన్‌స్టైన్ నిర్వచనం ఒక్కటే నిలుస్తుందని 1977లో మరో తత్వవేత్త డేవిడ్ మాలమెంట్ గణితంతో చూపాడు. నా మొగ్గు ఇటే. అయితే 1999లో సహోత్ర సర్కార్, జాన్ స్టాచెల్ అడ్డుపడ్డారు: కాలాన్ని తిరగేసినా నిర్వచనం మారకూడదన్న షరతు మాలమెంట్ నిరూపణలో ఉంది, ఆ సౌష్ఠవాన్ని ఎందుకు ఒప్పుకోవాలి అని.