డోలు ఒక్కటే మిగిలితే ఒగ్గుకథ అవ్వదు

పాశ్చాత్య సంగీతంలో చాంబర్ మ్యూజిక్ అని ఒకటుంది. పెద్ద ఆర్కెస్ట్రా ఉండదు, కర్ర ఊపే కండక్టరూ ఉండడు. నలుగురైదుగురు కూర్చుని, ఒకరి వాయిద్యం ఒకరు వింటూ, ఎవరి వంతు వాళ్ళు వాయిస్తారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో అయితే అది స్ట్రింగ్ క్వార్టెట్, అంటే అందరికీ తెలిసిన కూర్పు. ఈ లెక్క తప్పి వింత కూర్పు కట్టిన వాళ్ళ గురించి మాత్రం పుస్తకాలకి పుస్తకాలు రాసుకున్నారు.

ఉదాహరణకి స్ట్రావిన్‌స్కీ. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, డబ్బులకి కటకటగా ఉన్న రోజుల్లో, 1918లో స్విట్జర్లాండులో 'సైనికుడి కథ' అని ఒకటి కట్టాడు. క్లారినెట్, బసూన్, కార్నెట్, ట్రాంబోన్, వయొలిన్, డబుల్ బాస్, తాళవాద్యాలు: మొత్తం ఏడుగురు. పక్కన కథ చెప్పడానికి ఒక మనిషి. ఊరూరా తిప్పుకోవడానికి వీలుగా ఉండాలన్నది అసలు ఉద్దేశం. కథ, వాయిద్యం, ఆట మూడూ కలిపిన కొత్త ప్రయోగం అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

చాలా బాగుంది, కాదనను. కానీ కథకుడు, నాలుగైదు వాయిద్యాలు, ఊరూరా తిరగడం అనే ఈ వర్ణన విన్న వరంగల్ మనిషి ఎవరైనా "ఇది మన ఒగ్గుకథే కదా!" అనుకోడూ? మరి మన బృందాన్ని వాయిద్య బృందంగా లెక్కేసి ఎంతమంది మాట్లాడారు? నా గొడవంతా అక్కడే.

ముందు వాయిద్యాల సంగతి చూద్దాం. ఒగ్గు అంటే చిన్న డమరుకం, శివుడి చేతిలో ఉండేది. కొన్ని చోట్ల జగ్గు అని కూడా అంటారు. ఆటకి పేరిచ్చింది ఇదే. దీనికి తోడు డోలు, తాళాలు, కంజీర. కొన్ని బృందాల్లో నపీర అనే ఊదే వాయిద్యం కూడా ఉంటుంది. మనుషులు నలుగురి నుంచి ఆరుగురు. ప్రధాన కథకుడు కథ చెబుతాడు, పాడతాడు, ఉన్నట్టుండి పాత్రలోకి దూరిపోతాడు. వంత పాడేవాడు రాగం అందుకుంటాడు, మధ్యలో ప్రశ్నలు వేస్తాడు, అవసరమైతే ఎదుటి పాత్ర తనే అయిపోతాడు. కథ వేడెక్కితే డోలు వేడెక్కాలి, ఏడుపు ఘట్టం వస్తే తగ్గాలి. ఎదురుగా స్వరాలు రాసిన కాగితం ఉండదు. కథకుడి గొంతు, అడుగు చూసి పట్టుకోవాల్సిందే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేదు, ఉన్నదంతా రన్నింగ్ సిస్టమే. అది ఆగిపోతే తిరిగి స్టార్ట్ చేయడానికి మాన్యువల్ దొరకదు.

వీళ్ళు కాలక్షేపానికి వాయించుకునే వాళ్ళు కూడా కాదు. కురుమ, గొల్ల కులాల్లో తరతరాలుగా ఇది వృత్తి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పడం, రంగుల పొడులతో పట్నాలు వేయడం, మల్లన్న పెళ్ళి జరిపించడం, అన్నీ వీళ్ళ పనే. వరంగల్ దగ్గర ఐనవోలులో కాకతీయుల కాలపు మల్లన్న గుడి ఉంది, ఐలోని మల్లన్న అంటారు. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగే ఆ జాతరలోనూ, ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి 2016లో సిద్దిపేట జిల్లాకి వెళ్ళిన కొమురవెల్లిలోనూ ఒగ్గు పూజారులు లేకుండా పని జరగదు.

ఇక చరిత్ర. కాకతీయ గణపతిదేవుడి గజసేనకి అధిపతి జాయప సేనాని. ఆయన 1253-54లో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, నాలుగు జనంలో ఉన్న దేశి పద్ధతికి. అంటే సరిగ్గా సగం! ఏనుగుల దళం నడిపే పెద్దమనిషికి వీధిలో ఆడేది కూడా శాస్త్రం రాయదగ్గదే అనిపించిందన్నమాట. ఇప్పటి మన సంగీత సభల కార్యక్రమాల్లో ఆ సగం ఎక్కడుందో మీరే వెతుక్కోండి.

కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. పాత ఓరుగల్లుని చూపించే పుస్తకం క్రీడాభిరామం. అందులో ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఆ ఊళ్ళో తిరుగుతారు. ఏకవీరాదేవి ముందు వాయిద్యం పట్టుకుని పరశురాముడి కథ పాడే బవనీల గాయకుడు కనిపిస్తాడు. మైలారుదేవుడి వీరభటులు కనిపిస్తారు, ఆ దేవుడి ముందు ఆడే గొరగపడుచు కనిపిస్తుంది.

ఈ మైలారుదేవుడే మన మల్లన్న. మహారాష్ట్రలో ఖండోబా, కర్ణాటకలో మైలారలింగడు. కర్ణాటకలో ఆయన భక్తులు గొరవయ్యలు ఇప్పటికీ డమరుకమే పట్టుకుంటారు. మహారాష్ట్రలో ఖండోబా జాగరణలో వాఘ్యా, మురళీలు దిమ్డీ, తుణ్‌తుణె పట్టుకుంటారు. దేవుడొక్కడే, మూడు రాష్ట్రాలు, మూడు రకాల వాయిద్య బృందాలు. అప్పటి ఓరుగల్లు ఆట, ఇప్పటి ఒగ్గుకథ ఒకటే అని నేననడం లేదు. దేవుడు, కథ, వాయిద్యం కలిసి నడిచే అలవాటు మాత్రం ఈ ఊరికి కొత్త కాదు.

ఆ అలవాటుని గుడి ముందు నుంచి స్టేజీ మీదకి తెచ్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు చుక్క సత్తయ్య. ఊరు మాణిక్యాపురం, లింగాల ఘనపురం మండలం. అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ. వేల ప్రదర్శనలు ఇచ్చాడు, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నాడు, 2017 నవంబరులో పోయాడు. కరీంనగర్ వైపు మిద్దె రాములు కూడా అంతటి వాడే, ఆయన 2010లో పోయాడు. రాత్రంతా సాగే కథని గంటలోకి కుదించినా పట్టు సడలకుండా చెప్పడం మాటలు కాదు. వెనక వాయించేవాళ్ళు ఆ కుదింపుని అందుకోకపోతే అది అసలు కుదిరే పని కాదు. పేపర్లో పేరు మాత్రం కథకుడిదే వస్తుంది. డోలు పట్టిన వాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, బృందం ముక్కలవుతోంది. బోనాలు, ఊరేగింపులు, మంత్రిగారికి స్వాగతం, ఎక్కడ చూసినా ఒగ్గుడోలు కనిపిస్తుంది. ఇరవై మంది వరసగా నిలబడి డోళ్ళు వాయిస్తూ ఒకరి మీద ఒకరు ఎక్కి విన్యాసాలు చేస్తుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. వాళ్ళకి నాలుగు డబ్బులు వస్తున్నాయి, సంతోషమే. పొట్టకూటి దగ్గర నీతులు చెప్పే హక్కు ఏసీ గదిలో కూర్చునే నాకు లేదు. కానీ అందులో కథ ఏదీ? కథకుడి గొంతు వింటూ తగ్గాల్సిన చోట తగ్గే డోలు వేరు, మైకులతో పోటీపడి మోగే డోలు వేరు. రెండోదే నేర్చుకున్న కుర్రాడికి మొదటిది రమ్మంటే వస్తుందా?

పుస్తకాల వైపు చూస్తే దీనికి తిరగేసిన కథ. మన వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి దారి వేశారు. ఆయన పుణ్యమా అని పాటల మాటలు అచ్చులోకి ఎక్కాయి. కానీ అచ్చులో డోలు మోగదు కదా. అంటే పుస్తకంలో మాటలు మిగిలాయి, ఊరేగింపులో మోత మిగిలింది. రెంటినీ కలిపి పట్టుకున్న ఆ నలుగురైదుగురి మధ్య ఉన్న తెలివి ఎక్కడా మిగలకుండా పోయే ప్రమాదం ఉంది.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. ఒక బృందాన్ని కూర్చోబెట్టి, ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు పెట్టి, మల్లన్న కథ రాత్రంతా మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయాలి. ఎవరు ఎప్పుడు ఎవరిని చూసి దరువు మార్చారో వాళ్ళ చేతే చెప్పించాలి. కింద అందరి పేర్లూ రాయాలి, డోలు పట్టిన వాడితో సహా. ఫోనులోనే స్టూడియో ఉన్న ఈ రోజుల్లో ఈ పనికి కమిటీలు అక్కర్లేదు, నలుగురు పూనుకుంటే చాలు. కథ మొత్తం తెలిసిన ముసలివాళ్ళు ఊళ్ళల్లో ఇంకా ఉన్నప్పుడే చేయాలి. తరవాత చేస్తే డోలు చప్పుడు ఒక్కటే దొరుకుతుంది.