ఆంప్ట్‌హిల్ ప్రభువు

ఆంప్ట్‌హిల్ ప్రభువు (1869–1935): బ్రిటిష్ రాజకీయవేత్త, మద్రాసు గవర్నరు. అసలు పేరు ఆర్థర్ ఆలివర్ విలియర్స్ రస్సెల్. తండ్రి ఓడో రస్సెల్ బెర్లిన్‌లో బ్రిటిష్ రాయబారి. ఆయన 1884లో మరణించడంతో పదిహేనేళ్లకే బిరుదు సంక్రమించింది. ఈటన్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివాడు, మంచి పడవపందెగాడు. వలసరాజ్యాల మంత్రి జోసెఫ్ చేంబర్లిన్ వద్ద ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసి, 1900 డిసెంబరులో ముప్పై ఒక్కేళ్ల వయసులో మద్రాసు గవర్నరయ్యాడు. 1904లో కర్జన్ సెలవుపై వెళ్లినప్పుడు కొన్ని నెలలు తాత్కాలిక వైస్రాయి.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం వైపు వారికి ఆయన పేరు గుర్తుండవలసిన కారణం వేరే ఉంది. అప్పట్లో ఈ ప్రాంతం గంజాం జిల్లాలోది. ఆ జిల్లాను, విశాఖ ఏజెన్సీని మద్రాసు నుంచి విడదీసి ఒరిస్సాలో కలపాలని 1903 డిసెంబరులో భారత ప్రభుత్వ కార్యదర్శి రిస్లీ రాసిన లేఖ ప్రతిపాదించింది. ఆంప్ట్‌హిల్ ప్రభుత్వం గట్టిగా అడ్డుపడింది. 1905లో సంబల్‌పూర్ ఒరిస్సాలో చేరింది, గంజాం మద్రాసులోనే మిగిలింది.

1906లో పదవి వీడాక దక్షిణాఫ్రికా భారతీయుల పక్షాన నిలిచాడు. నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో గంజాం, విశాఖ తెలుగువారూ ఉన్నారు కనుక ఇది మనకు పరాయి సంగతి కాదు. జోసెఫ్ డోక్ రాసిన గాంధీ జీవితచరిత్రకు 1909లో ముందుమాట రాశాడు. అయితే భారతీయులకు అధికారం పంచే సంస్కరణలను మాత్రం వ్యతిరేకించాడు; ఆయన ఉదారత అక్కడితో ఆగింది.

1935 జులై 7న మరణించాడు. ఆయన అడ్డుకున్న విభజన ఆ మరుసటి ఏడాదే జరిగింది: 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై గంజాం జిల్లాలోని బరంపురం అటు వెళ్లగా, ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది.