నేపాల్ ఓటరుకు రెండు బ్యాలెట్లు.. ఎందుకంటే?

నేపాల్‌లో ప్రతినిధుల సభకు ఓటేసేటప్పుడు మీ చేతికి రెండు బ్యాలెట్ పత్రాలు వస్తాయి. ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, రెండోది పార్టీకి. 2015 రాజ్యాంగం ప్రకారం సభలో 275 సీట్లు. 165 మంది నేరుగా గెలుస్తారు. మిగతా 110 సీట్లను పార్టీల ఓట్ల నిష్పత్తిలో పంచుతారు.

అసలు కిటుకు ఈ 110లోనే ఉంది. పార్టీలు ముందే ఇచ్చే జాబితాలో మహిళలు, దళితులు, ఆదివాసీలు, మధేశీలు, థారూలు, ముస్లింలకు చోటుండాలి. పార్లమెంటులో ఒక్కో పార్టీ సభ్యుల్లో కనీసం మూడో వంతు మహిళలే కావాలి. నేరుగా గెలిచినవారిలో తగ్గితే లోటును జాబితాతో పూడ్చాలి. 2022లో నేరుగా గెలిచిన మహిళలు 165లో 9 మందే! అయినా సభలో వాళ్ల వాటా దాదాపు 33 శాతానికి చేరింది. టికెట్లు ఇవ్వడానికి మాత్రం పార్టీలకు మనసు రాలేదన్నమాట.

మరి జవాబుదారీతనం? నియోజకవర్గ సభ్యుడినైతే ‘మా రోడ్డు ఏమైంది’ అని నిలదీయొచ్చు. జాబితా సభ్యురాలికి నియోజకవర్గమే ఉండదు. జాబితాలో పేర్లు పార్టీవే, ఓటరు మార్చలేడు. దాంతో ఆమె చూపు సహజంగానే అధినేతల వైపు ఉంటుంది. 2022లో ఎన్నికైన ఆ సభ 2025 సెప్టెంబరులో యువత ఆందోళనల తర్వాత రద్దయింది.

మన 2023 మహిళా రిజర్వేషన్ చట్టం దారి వేరు. అక్కడ కేటాయించేది నియోజకవర్గాలనే. గెలిచిన మహిళ ఎవరికి జవాబు చెప్పాలో ఓటరుకు తెలుస్తుంది.