నింగి వాలు, పళ్లెపు వాలు

రేడియో తరంగము ఒక వాలున ఊగుచు రావచ్చును. ఏరియల్ తీగ ఆ వాలుననే యున్నచో బాగుగా అందును. అడ్డముగా నున్నచో అందదు. దీనినే ధ్రువణమందుము. ప్రసారశాలలో పనిచేయు మాకిది నిత్యానుభవము. మరి నక్షత్రలోకపు తరంగములకును ఇట్టి వాలు కలదా?

కలదనియే 1953లో ష్క్లోవ్‌స్కీ వాదము సూచించినది. వృషభరాశిలోని పీత నీహారికలో ఎలక్ట్రానులు కాంతివేగమునకు చేరువగా, అయస్కాంత క్షేత్రమును చుట్టుచు, వెలుగును రేడియో తరంగములను వెదజల్లునని ఆయన మతము. మరుసటి ఏడే సోవియట్ పరిశీలకులు వెలుగులో ధ్రువణమును కనుగొనిరి. రేడియో సాక్ష్యము మిగిలెను. 1957లో మేయర్, మెకల్లో, స్లోనేకర్‌లు వాషింగ్టన్‌లోని 50 అడుగుల పళ్లెముతో, 3.15 సెంటీమీటర్ల తరంగమున, గ్రాహకమును త్రిప్పి త్రిప్పి చూచిరి. ధ్రువణము సుమారు 7 శాతము!

అంత కొద్దిపాటిది నీహారికదా, పళ్లెముదా? చిక్కంతయు ఇచటనే. ఏ పళ్లెమును నిర్దోషి కాదు. ఒక వాలు తరంగము రెండవ వాలు గ్రాహకములోనికి కొంత కారును. ధ్రువణము లేనిచోటను ఉన్నట్లు చూపును. ఇందుకు భూభ్రమణమే సాయపడును. నిలువు ఇరుసుపై తిరుగు పళ్లెమునకు, గంటలు గడచుకొలది ఆకాశపు వాలు తిరుగుచున్నట్లుండును. పళ్లెపు దోషము మాత్రము కదలదు. కనుక రెంటిని వేరుచేయవచ్చును.

ఇక వాలు ఎన్ని డిగ్రీలో చెప్పుటకు ఒక గుర్తు వలయును. 3సి 286 అను మూలము అందుకు కుదిరినది. దారిలోని అయస్కాంత క్షేత్రములు దాని వాలును మెలిపెట్టుట అత్యల్పము; కోణము 33 డిగ్రీలు. దశాబ్దములపాటు పరిశోధకులు దానినే నమ్మిరి. 2013లో పెర్లీ, బట్లర్‌లు అంగారకుని అంచుతో సరిచూచిరి. అచటి ధ్రువణము కేంద్రమునుండి వెలుపలికే చూచును గదా. 7 మిల్లీమీటర్ల తరంగమున ఆ కోణము దాదాపు 36 డిగ్రీలని తేలినది.