మనిషి పోసిన గుట్టలు

రైల్వే కోడూరు నుంచి రాజంపేటకు పోయేటప్పుడు ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట వస్తుంది. అక్కడ దొరికే బెరైటీస్‌ను మనం ముగ్గురాయి అంటాం. చేతిలోకి తీసుకుంటేనే దాని బరువు తెలుస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో దీని పొడి కలుపుతారు. అందుకే కడప రాయి దేశదేశాలకు పోతుంది. రాయి కోసం పైనుంచి తీసిన మట్టీ, బండా మాత్రం ఇక్కడే గుట్టలుగా మిగిలిపోతాయి. గనుల చరిత్ర రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ గుట్టల చరిత్ర, వాటి కింద బతికేవాళ్ల చరిత్ర మనమే రాసుకోవాలి.

మన సీమలో తవ్వకం కొత్తది కాదు. బనగానపల్లె, రామళ్లకోట దగ్గర ఒకప్పుడు వజ్రాల కోసం నేల తవ్వారు. బేతంచెర్లలో నాపరాళ్ల గనుల పక్కన పనికిరాని పలకలు కుప్పలు పడి ఉంటాయి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో రాతినార తీశారు. కడప, కర్నూలు రాళ్ల మీద భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అంతకు ముందు ఏడాది ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నదీ ఆయనే. 1889లో కోయల నేలలో ఆ తవ్వకం మొదలైంది. భూమి లోపల సొరంగాల్లో తవ్వినంతకాలం పైకొచ్చే మట్టి తక్కువ. 1970ల నుంచి ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాక సింగరేణి ఊళ్ల పక్కన ఓబీ గుట్టలు లేచాయి. సీమలోనూ, గోదావరి లోయలోనూ కథ ఒకటే: సరుకు పోతుంది, గుట్ట ఉంటుంది.

కళ్లంలో వేరుశనక్కాయలు కుప్ప పోస్తే, ఒక వాలు వరకే కుప్ప నిలుస్తుంది. ఇంకా పోస్తే పక్కలకు జారుతుంది. మట్టి గుట్ట గుణమూ అదే. అందుకే 2017 బొగ్గు గనుల నియమావళి వాలు 37.5 డిగ్రీలు మించకూడదంటుంది. ఎత్తు 30 మీటర్లు దాటితే మెట్లుమెట్లుగా పోయాలంటుంది. ముగ్గురాయి వంటి ఖనిజాలకు 1961 నాటి వేరే నియమావళి ఉంది. నియమావళి వేరైనా మట్టి గుణం మారదు. గుట్టకు పెద్ద శత్రువు నీరు. లోపలికి ఇంకిన నీరు బరువు పెంచుతుంది, మట్టి పట్టు సడలిస్తుంది. అందువల్ల పాత వంక మీద, ఊట మీద గుట్ట పోయకూడదు. పైన నీళ్లు నిలవకుండా కాలువలు తీయాలి, వాటిని పూడిపోనివ్వకూడదు. అడుగున మట్టి తవ్వుకుపోకూడదు.

ఇవి పాటించకపోతే ఏమవుతుందో 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్ చూసింది. ఊటల మీద పోసిన బొగ్గు గని గుట్ట జారి, ఉదయంపూట బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. బడి వెనక ప్రమాదం ఉందని స్థానిక సంస్థ ఇంజనీరు 1963లోనే ఉత్తరం రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. విచారణ సంఘం తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని తేల్చింది. 1969లో గుట్టల భద్రతకు ప్రత్యేక చట్టం వచ్చింది. మన దేశంలో 2016 డిసెంబరు 29 రాత్రి, సంతాల్ ఆదివాసుల నేల అయిన జార్ఖండ్ గొడ్డా జిల్లా లాల్‌మటియా గనిలో మట్టి కూలి 23 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

మనది కరువు సీమ, మనకు వాన భయమేమిటి అనుకోరాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఎండకు నెర్రెలిచ్చిన గుట్టలోకి వాన నీరు ఆ నెర్రెల గుండానే దిగుతుంది.

1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల ఆదివాసుల భూమికి అండగా నిలిచింది. కర్నూలు, కడపల్లోని మన యానాది కాలనీలు, ఎరుకల వాడలు, సుగాలి తండాలు, చెంచు గూడేలు ఆ ప్రాంతాల పరిధిలో లేవు. కాబట్టి గనుల భద్రతా డైరెక్టరేట్‌కు, కలెక్టరుకు మనం రాసే కాగితం మరింత ముఖ్యం.

పొలం గట్ల మీద ఎలుక బొక్కలు వెతికే యానాది పెద్దలకు కొత్త మట్టీ పాత మట్టీ చూపుతోనే తెలుస్తాయి. ఆ చూపు గుట్టకూ పనికొస్తుంది. పై అంచున కొత్త నెర్రె, అడుగున ఉబ్బిన నేల, ఎండాకాలంలోనూ ఆరని తడి, ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగిన ఊటనీరు, వంగిన చెట్టు: ఇవీ గుర్తులు. పిల్లల్ని గుట్ట ఎక్కనివ్వకుండా దూరం నుంచే చూపించాలి. బడిలో ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, వాన, చూసిన గుర్తు, చూసినవారి పేరు రాయించాలి. నకలు పంచాయతీకిచ్చి రసీదు తీసుకోవాలి. గుట్ట కదిలినట్టు అనిపిస్తే మాత్రం ముందు జనాన్ని తప్పించాలి. కాగితం తర్వాత రాసుకోవచ్చు.